సత్రపట్టి విలక్కు

మొదట చేతిలో ఉన్నదేమిటి, ఒక జత ఎద్దులు, ఒక బండి, తాటాకు కప్పిన చిన్న కొట్టు, రెండు కాళ్లున్న తమ్ముడు, అంతే, అవతల దురైసామికి రెండు లారీలు, మూల మీద దుంగల అడితి, ఎవరినైనా మాటతో పడగొట్టగల నాలుక, అని అయ్యాసామి కొట్టు ముందు పీట మీద కూర్చొని అనుకుంటున్నాడు, ఎదురుగా రోడ్డు కూలీలు బోర్డు నిలపడానికి గుంట తవ్వుతున్నారు, గడ్డపార రాతికి తగిలి ఠంగుమన్నప్పుడల్లా అది దురైసామి పక్కటెముకకు తగిలినట్టు లోపల చల్లగా ఉంది, ఇంకో మూరెడు దించండప్పా, గాలికి ఊగకూడదు అన్నాడు, దించుతాము లే అన్నాచ్చి, నీ ఇంటి ముహూర్తమా ఇది అన్నాడు మేస్త్రీ, నవ్వాడు కాని వాడికేం తెలుసు, ముహూర్తమే, ఏడేళ్లుగా కాచుకున్న ముహూర్తం.

పంతొమ్మిది వందల యాభై ఆరు, ఎండలు ముదిరే పంగుని నెల, మిట్ట మధ్యాహ్నం, తమ్ముడు చెల్లప్ప సత్రపట్టిలో పత్తి గింజలు దించి ఖాళీ బండి తోలుకొస్తున్నాడు, సత్రపట్టి రోడ్డు తెన్‌కాశి రోడ్డులో కలిసే ఈ నోటి దగ్గరే లారీ తిరిగింది, అప్పుడు బోర్డు లేదు, గీత లేదు, ఎడమ మూల మీద మనిషెత్తు దుంగలు, వచ్చేవాడికి పోయేవాడు కనబడడు, ఒక ఎద్దు అక్కడికక్కడే పోయింది, రెండోది కొమ్ము విరిగి మూడు రోజులు అరిచి పోయింది, తమ్ముడి కుడికాలు మదురై ఆసుపత్రిలో మోకాలికి పైన తీసేశారు, అన్నిటికంటే ఊరి పెద్దల ముందు దురైసామి అన్న మాట, అదే ఇప్పటికీ అన్నంలో రాయిలా తగులుతుంది, బండి పక్క తప్పి వచ్చినాది సామీ, తన పక్కన నా లారీ ఉన్నాది, లేదంటారా, అయితే ఏ పక్క ఎవరిదో చెప్పే బోర్డు చూపించండి, నేను ఇప్పుడే కాళ్ల మీద పడతా, పెద్దల్లో ఒకాయన ఆమా, నిజమే, బోర్డు లేదే అన్నాడు, అంతటితో లేచి పోయారు, కాలు పోయినవాడిది తప్పు, కాలు తీసినవాడికి తాంబూలం, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి చెప్పరా, ఎవడు పక్క తప్పినాడు అంటే చెల్లప్ప గోడకు తిరిగి పడుకున్నాడు, నొప్పి అనుకున్నాడు అయ్యాసామి, నొప్పి కాక ఇంకేముంటుంది, సరే, బోర్డు కావాలా నీకు, తెస్తాను, ఆ బోర్డుతోనే నిన్ను ఆ మూల నుంచి పెళ్లగిస్తాను, సర్కారు పోరంబోకు నేలలో దుంగలు పేర్చుకొని దర్జా పోయేవాడివి, చూస్తాను అనుకున్నాడు.

అనుకున్నంత సులువా, రోడ్ల ఆఫీసుకు పెట్టిన మొదటి అర్జీ తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, ఎవరినో రాయమంటే ఊరంతా తెలుస్తుందని తానే రాశాడు, దారి చీలే చోటును తమిళంలో విలక్కు అంటారు, దీపాన్ని విళక్కు అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడి బజారులో తమిళం ఏరుకున్న నోటికి ఆ భాషలోని మూడు రకాల లలు ఎప్పుడూ ఒక మూటే, పలికేటప్పుడు ఎట్లాగో జరిగిపోతుంది, రాసేటప్పుడే కాలు జారుతుంది, సత్రపట్టి విలక్కు సరిగా లేదు, ప్రాణాలు పోతున్నాయి, దయచేసి సరిచేయండి అని పొదుపుగా మూడు ముక్కలు రాసి, లకు బదులు ళ పెట్టాడు, ఏడాదిన్నర తర్వాత ఒక బండి వచ్చి ఇనుప స్తంభం దించింది, దాని కొసన దీపం, సరిగ్గా దురైసామి అడితి ముందు, ఊరు ఊరంతా నవ్వింది, అన్నాచ్చీ, నీ పుణ్యమా అని ఇప్పుడు పొద్దు పోయినాక కూడా లోడు ఎత్తుతున్నాము, దారి అడిగితే దీపం ఇచ్చినారే, రేపు పెండ్లికూతుర్ని అడుగు, ఏం ఇస్తారో చూద్దాము అని దురైసామి ఆ వెలుగులో నిలబడి అన్నాడు, కూలీలు పగలబడ్డారు, ఇంటికి పోతే పెద్దక్క బొమ్మక్క అన్నం వడ్డిస్తూ ఏరా, పగ పట్టేవాడు ముందు అక్షరం పట్టాలరా అంది, ఆ మాట కంచంలోనే మింగాడు.

ఆ తర్వాత అర్జీలు మానేసి పని పట్టాడు, వ్యాపారం చేసేవాడికి ఒకటి తెలుసు, వచ్చి చూడమని బతిమాలితే ఎవడూ రాడు, చూడక తప్పని సరుకు చూపితే వస్తాడు, కొట్టు ముందు రెండు కుండలు పెట్టి, లారీ పోతే ఒకదానిలో చింతగింజ, బండి పోతే రెండోదానిలో, పక్క తప్పిన ప్రతిదానికీ గోడ మీద బొగ్గు గీత, ఒక నెల అంతా వేశాడు, బండి మోకుతో నోటి వెడల్పు కొలిచాడు, దుంగలు రోడ్డులోకి ఎన్ని మూరలు వచ్చాయో కొలిచాడు, తాళవాయిపురం పోయే బస్సు డ్రైవర్ల చేత ఆ లెక్క కింద వేలిముద్రలు వేయించి రోడ్ల ఆఫీసుకు పంపాడు, ఇంజనీరు వచ్చి ఆ గోడ చూసి కళ్లజోడు తీసి తుడుచుకొని, ఇది ఎవరు చేసినది అన్నాడు, నేనే సార్, పుణ్ణాకు అమ్ముతాను, ఎద్దులు తినే గానుగపిండి అన్నాడు అయ్యాసామి, మా ఆఫీసులో కూడా ఇట్లా ఎవరూ లెక్కపెట్టలేదు అన్నాడాయన, ఆ ఒక్క మాటతో దురైసామి మూల పోయింది, కొత్త ఉత్తర్వు వచ్చింది, రోడ్డు నడుమ మూడు మూలల తిన్నె, సున్నం కొట్టిన రాళ్లు, వచ్చేవాటికి ఒక దారి, పోయేవాటికి ఒక దారి, తిన్నె కొసన బాణాలు వేసిన బోర్డు, అడితి పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి.

ఈ రోజు పదిహేనోది, దుంగలు ఒక్కొక్కటే బండ్లెక్కుతున్నాయి, దురైసామి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకొని వచ్చి నిలబడ్డాడు, పీట చూపలేదు అయ్యాసామి, అన్నాచ్చీ, చోళపురంలో చోటు కుదిరినాది, ఇంకా వారం పడుతాది, నీవు ఒక మాట చెప్తే ఇంజనీరు ఆగుతాడు అన్నాడు, ఎట్లా ఆగుతాడప్పా, నాకు ల రాయడమే రాదే, నేను వారం అంటే ఆయన ఏడాది అనుకుంటే నీకే మంచిది కదా, వద్దు లే అన్నాడు, ఏడేళ్లు నానబెట్టిన మాట, మెత్తగా దిగింది, దురైసామి నవ్వలేదు, సరి అన్నాచ్చీ అన్నాడు, ఆ సరి ఎంత తియ్యగా ఉంది, లోపల కొట్టులో త్రాసు పట్టుకున్న చెల్లప్ప విన్నాడా, వినాలి, వాడి కోసమే ఇదంతా, వాడి కాలి కోసం.

బోర్డు నిలిచింది, కూలీలు మన్ను తొక్కి అడ్డం కట్టిన తాడు విప్పారు, మొదటి బండి సత్రపట్టి వైపు నుంచి పేచ్చిముత్తుది, ఎడమ దారిలో పద్ధతిగా వస్తోంది, మేస్త్రీ చెయ్యి ఊపాడు, తిన్నె దగ్గరకు రాగానే ఎద్దులు రెండూ మెడలు కుడికి తిప్పాయి, పగ్గం బిగించి లాగితే నురగ కక్కాయి కాని ఆగలేదు, చక్రం తెల్లరాళ్ల మీదికెక్కి సున్నం చెదిరి బండి అడ్డంగా అవతలి దారిలోకి దిగింది, ఎద్దులు నేరుగా వచ్చి అయ్యాసామి కొట్టు పక్క రాతి తొట్టిలో మూతులు పెట్టాయి, పుణ్ణాకు నానిన నీళ్లు, కొట్టు పెట్టిన మొదటి రోజు నుంచి ఉచితంగా పోస్తున్న నీళ్లు, ఎద్దుకు రుచి మరిగిస్తే యజమాని దాని వెంట తానే వస్తాడని వేసిన ఎత్తు, నేనేం చేసేది అన్నాచ్చీ, ఆ మలుపులో నా చెయ్యి వినవు ఇవి, ఏ ఎద్దూ వినదు, అందరికీ తెలిసినదే కదా అని పేచ్చిముత్తు చెమట తుడుచుకున్నాడు, అందరికీ తెలిసినదే, ఏ ఎద్దూ వినదు, మరి ఆ రోజు తమ్ముడు తోలిన ఇంటి ఎద్దులు, రోజూ తాగిన ఎద్దులు, మిట్ట మధ్యాహ్నం, ఎండలో దప్పిగొన్న ఎద్దులు, అడితి ముందు దురైసామి నిలబడి చూస్తున్నాడు, ఎద్దులను చూశాడు, తొట్టిని చూశాడు, అయ్యాసామిని చూశాడు, తలగుడ్డ చుట్టుకొని దుంగల బండి వెనక చోళపురం దారి పట్టాడు, నవ్వి ఉంటే బాగుండేది, అయ్యాసామి మెల్లగా వెనక్కి తిరిగాడు, చెల్లప్ప ఇటు చూడడం లేదు, తూకం అయిపోయిన త్రాసు ముల్లు వైపే చూస్తున్నాడు, ఆ రోజు గోడకు తిరిగినట్టే, నొప్పికి కాదు, అన్న మొహం చూడలేక, చెబితే అన్న ఏమవుతాడోనని, అప్పుడే తెలుసు వాడికి, పగ్గం పట్టుకున్నది వాడే కదా, మొత్తానికి దక్కింది ఇది, ఒక బోర్డు, రెండు దారులు, ఖాళీ అయిన ఒక మూల, ఏడేళ్లు నోరు మెదపకుండా అన్నను కాచిన ఒంటికాలి తమ్ముడు.