గుమ్మం ముందు చెప్పులు

బొమ్మల సినిమా పిల్లల కోసమనీ, పెద్దవాళ్ళు దానికి వచ్చారంటే పిల్లల్ని తీసుకొచ్చారనే అర్థమనీ శ్రీనివాసరాజు గారు గట్టిగా నమ్మేవారు. భీమవరం దాపున తండ్రి నాటి సినిమా హాలు నడుపుతున్న మనిషికి ఆ నమ్మకం ఊరికే రాలేదు. దాన్ని పరీక్షించే అవసరం మాత్రం ఎన్నడూ కలగలేదు.

ఆ ఏడాది కలిగింది. పెద్ద హీరోల సినిమాలు వరసగా బోల్తా పడుతూంటే బొమ్మల సినిమాలు ఆడుతున్నాయని పేపర్లు రాశాయి. ఖాళీ కుర్చీలు చూసి చూసి విసిగిన రాజుగారు హాలును రొయ్యల మేత గోడౌనుగా ఇస్తానని బావమరిది భీమరాజుకు అప్పటికే మాట ఇచ్చి ఉన్నారు. చివరి ప్రయత్నంగా ఒక అవతార కథను బొమ్మలుగా తీసిన సినిమా వేశారు. ఆదివారం హాలు నిండింది. పిల్లలకు సెలవు కనుక అది లెక్కలోకి రాదని ఆయనే కొట్టిపారేశారు.

సోమవారం, బళ్ళు జరిగే వేళ, మార్నింగ్ షోకు గుమ్మం ముందంతా చెప్పులు పరచుకున్నాయి. దేవుడి సినిమాకు జనం చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. రాజుగారు వంగి చూశారు. పిల్లల జోడు ఒక్కటీ లేదు.

మేత బస్తాలు ఎన్ని వరసలు పడతాయో కొలవడానికి భీమరాజు టేపుతో వచ్చాడు.

"చూశావా, అన్నీ పెద్దవాళ్ళవే."

"ఆయ్, చూశానండి. వాళ్ళొచ్చింది దేవుడి కోసం బావగారూ. తెరకి పటం కట్టి హారతిచ్చినా వస్తారు."

రాజుగారు పందానికి దిగారు.

"సరే, వచ్చే సోమవారం దేవుడు లేని బొమ్మల సినిమా వేస్తాను. పెద్దవాళ్ళు చివరిదాకా కూర్చుంటే?"

"టేపు చుట్టేసుకుని పోతానండి. మధ్యలో లేచిపోతే మాత్రం మంగళవారం బస్తాలు దింపేస్తాను. మళ్ళీ నాన్నగారి హాలూ అదీ అనకూడదు."

జపాను నుంచి వచ్చి తెలుగులో మాట్లాడే సినిమా ఒకటి దొరికింది. తుఫానులో కొడుకును పోగొట్టుకున్న ముసలి జాలరి పాత పడవను బాగుచేసుకొనే కథ. దేవుడి ఊసే లేదు. పోస్టరు మీద మాత్రం ఆ పడవ, దాని కింద కొండంత చేప.

సోమవారం వచ్చిన జనం మళ్ళీ చెప్పులు విడిచారు. భజన మండలిని వెంటబెట్టుకొచ్చిన వరలక్ష్మమ్మ గారు పోస్టరుకు దణ్ణం పెట్టుకున్నారు.

"మత్స్యావతారం ముందు వెయ్యాలండి రాజుగారూ. వరస తప్పించేశారు."

"అమ్మా, ఇది దేవుడి సినిమా కాదండి."

"ఊరుకోండి. అంత చేప కనపడుతూంటే!"

ఆవిడ లోపలికి వెళ్ళాక భీమరాజు పగలబడి నవ్వాడు. "ఇంటర్వెల్లో చూద్దురు గాని బావగారూ. చెప్పులు తొడుక్కుని తిన్నగా గేటు దాటతారు."

ఇంటర్వెల్‌కు అందరికంటే ముందు బయటికి వచ్చింది వరలక్ష్మమ్మ గారే.

"ఇందులో దేవుడేడండీ?"

"లేడండి. ముందే చెప్పాను."

"దణ్ణం దండగ చేశారు," అంటూ ఆవిడ చెప్పులు వెతుక్కొని తొడుక్కున్నారు. వెనక వచ్చినవాళ్ళూ తమవి తొడుక్కున్నారు. భీమరాజు ఫోను తీసి లారీ డ్రైవరు నంబరు వెతికాడు. రాజుగారు గేటు వైపే చూస్తూ నిలబడిపోయారు.

ఆవిడ టీ తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"ఆ ముసలాయన పడవ నీళ్ళలోకి దింపుతాడా, లేదాండి?"

"తెలీదండి. నేను చూళ్ళేదు."

"హాలు మీది పెట్టుకుని అదేంటండీ!"

బెల్లు మోగింది. వరలక్ష్మమ్మ గారు చెప్పులతోనే లోపలికి వెళ్ళారు. మిగతావాళ్ళూ అలాగే వెళ్ళారు. గుమ్మం ముందు ఒక్క జోడు మిగల్లేదు. ఆట ముగిసేదాకా ఎవరూ గేటు దాటలేదు. భీమరాజు టేపు చుట్టుకొని వెళ్ళిపోయాడు. మంగళవారం మార్నింగ్ షోకు అదే సినిమా వేశారు.