కంప్రెసర్ ఆగిన రోజు

బాబాయి చొక్కా గుండీలు కాజాలు తప్పి పెట్టి ఉన్నాయి. అది చూసి, తాగొచ్చాడన్నాడు కాంట్రాక్టరు.

బస్సు బాడీలు కట్టే ఆ షెడ్డులో, ఆయన్ని బాబాయి అని పిలిచే కూలీలం మేమంతా అక్కడే ఉన్నాం. బస్సు పక్కరేకు మీద పుట్టీ అరగదీస్తుండగా, నున్న చేసే గాలి మిషన్ సాండరు బాబాయి చేతిలోంచి జారి, రేకును గీరేసి కిందపడింది. అది పడ్డ చప్పుడు వినేదాకా జారిందని ఆయనకే తెలియలేదు. ఏళ్ల తరబడి దాని అదురు తిని వేళ్లు పాలిపోయాయి, మొద్దుబారాయి. గుండీ కూడా సరిగ్గా పట్టుకోలేడు. జన్మలో చుక్క ముట్టని మనిషిని తాగుబోతు అని తిట్టి, మెడపట్టి గేటు బయటికి గెంటించాడు.

కార్మిక మిత్రులారా, చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మిషన్ సంగతి కాస్త వినండి. అది కరెంటుతో కాదు, గాలితో తిరుగుతుంది. షెడ్డు మూలన ఒక కంప్రెసర్, దాని ట్యాంకు నుంచి అందరికీ పైపులు. పొద్దున్నే ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలెయ్యాలి. పైపు తగిలించే చోట రెండు చుక్కలు నూనె వెయ్యాలి. అరిగిన గరుకు కాగితం మార్చాలి, దుమ్ము సంచి దులపాలి. ఇవన్నీ మాకు నేర్పింది బాబాయే. పని తొందరగా తెమలాలని కాంట్రాక్టరు గాలి నాబును చివరిదాకా తిప్పేశాడు, దాంతో అదురూ పెరిగింది. దుమ్ము సంచులు చిరిగితే కొత్తవి కొనలేదు. మిషన్‌కి నూనె ఉండేది, మా చేతులకు తొడుగులు లేవు.

సాయంత్రం కుళాయి దగ్గర చేరాం. పుట్టీ పెట్టే ఆవిడను అందరం వదినా అంటాం. ముందు ఆవిడే నోరు విప్పింది.

"బాబాయిని మళ్లీ పనిలోకి తీసుకోవాలి. గాలి తగ్గించాలి. అప్పటిదాకా ఎవడూ మిషన్ ముట్టొద్దు."

"అంత గొడవెందుకు వదినా? నూనె మానేద్దాం. మిషన్లన్నీ వాటంతటవే మటాష్" అన్నాడు మా మిరపకాయ్. ఆ పేరు వాడికి ఊరికే రాలేదు.

"నూనె లేకపోతే అది ఇంకా అదురుతుందిరా. మిషన్ చచ్చేలోపు నీ చేతులు చస్తాయి."

పొడుగన్న తల దించుకున్నాడు. "ఇంట్లో పొయ్యి వెలగాలమ్మా. నేను రాలేను." సగం మంది ఆయన వెనకే నిలబడ్డారు.

మర్నాడు మిగతా సగం మందిమి మిషన్లు కింద పెట్టాం. అక్కడే పప్పులో కాలేశాం. గాలి అందరికీ ఒకే ట్యాంకులోది కదా. మేం వాడని గాలంతా పనిచేసేవాళ్ల పైపుల్లోకి పోయింది. ఎప్పుడూ ఇంతమంది పంచుకుంటే బొటాబొటిగా అందేది ఒక్కసారిగా దండిగా వచ్చేసరికి వాళ్ల సాండర్లు రెచ్చిపోయి తిరిగాయి. కాంట్రాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీరు లేకపోతేనే షెడ్డు బాగుందిరా! ఇకనుంచి సగం మంది చాలు నాకు."



ఆ సాయంత్రం పొడుగన్న సైకిలు తాళం తియ్యలేకపోయాడు. తాళంచెవి వేళ్ల మధ్య నుంచి జారిపోతూనే ఉంది. వదిన వెళ్లి కిందపడ్డ తాళంచెవి తీసింది. ఎత్తిపొడుస్తుందనే అనుకున్నాం.

"మేం వదిలేసిన గాలేనయ్యా నీ చేతులకు తగిలింది. ఆపితే అందరం ఆపాలి. సగం ఆపితే మిగతా సగం చస్తారు."

అంత పొడుగు మనిషీ చేతులు చూసుకుని భోరుమన్నాడు.

తెల్లారి అందరం లోపలికెళ్లాం. ట్యాంకులో నీళ్లు వదిలాం. మిషన్లకు నూనె వేశాం. "వీటితో మనకేం పగ?" అన్నాడు పొడుగన్న. తర్వాత పైపులన్నీ ఊడదీసి నేలమీద కూర్చున్నాం. కంప్రెసర్ కాసేపు రొద పెట్టింది. గాలి వాడేవాళ్లు లేక ట్యాంకు నిండి, దానంతటదే ఆగిపోయింది. పని వేళ ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం మేమెప్పుడూ ఎరగం. పక్కవాడి దగ్గు వినపడింది, ఆ పక్కవాడిది కూడా. మాలో ఎంతమందిమి దగ్గుతున్నామో అప్పుడే తెలిసింది.

పోలీసులొచ్చారు. వదినను జుట్టు పట్టి వ్యానెక్కించారు. మమ్మల్ని లాఠీలతో గేటు దాటించారు. ఆ వెంటనే కొత్తవాళ్లు దిగారు, మాకంటే గతిలేనివాళ్లు. మేం బయట కూర్చుని కంప్రెసర్ రొద వినేవాళ్లం. వదినకు బెయిలు రాలేదు. గెలుస్తామన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు. గేటు దగ్గరే కూర్చుండిపోయిన బాబాయిని ఒంటరిగా వదిలి పోలేక రోజూ వచ్చి కూర్చునేవాళ్లం, అంతే.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ కొత్తవాడొకడు గేటు ఊచల దగ్గరికొచ్చాడు. వేళ్లు విదిలించుకుంటున్నాడు.

"పెద్దాయనా, తిమ్మిరి వదలట్లేదు. కొత్తలో మామూలే, పోతుందంటున్నాడు కాంట్రాక్టరు. నిజమేనా?"

బాబాయి పాలిపోయిన తన చేతులు రెండూ ఊచల మధ్య నుంచి లోపలికి చాపాడు.

"నాకూ అదే చెప్పాడు నాయనా."

లోపల్నుంచి కాంట్రాక్టరు కేకేశాడు. కొత్తవాడు ఆ చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పరుగున వెళ్లాడు. పోయాడులే అనుకున్నాం. ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

"చూడండ్రా" అన్నాడు.

బాబాయి చేతులు వెనక్కి తీసుకోలేదు.