వీరరాఘవులు పిడికిలి, రత్నమ్మ నడుము

జొన్నాదుల వీరరాఘవులు అనే మనిషి నన్ను మంచం మీద నుంచి దింపించాడు. ఏ నేరం చేశానని? ఆయన నా మీద ఒక్కసారైనా నడుం వాల్చి చూడలేదు. నిలబడే ఉండి, పిడికిలి బిగించి, నా పొట్టలో ఒక్కటి గుద్ది, "రాయి! ఇది పరుపు కాదు, రాయి" అన్నాడు. అదే తీర్పు. దాని మీద అప్పీలు లేదు. నేను ఒక దూది పరుపుని. మాకు నోరుండదని మనుషులకు ధైర్యం. ఇవాళ మాత్రం మాట్లాడే తీరతాను, ఎవరు అడ్డమొచ్చినా ఆగను.

నేను పుట్టింది చిలకలూరిపేటలో, ఒక పెంకుటింటి వాకిట్లో. నన్ను ఏకి కుట్టినవాడు నూర్‌బాషా సైదులు. పొద్దున్నే ఏకుబద్ద భుజాన వేసుకుని వచ్చి, దూది కుప్ప ముందు గొంతుక్కూర్చుని, నారి మీద కొడుతుంటే డుంయ్ డుంయ్ మని వీధి వీధంతా వినపడేది. గట్టిగా ముద్దలు కట్టి ఉన్న పత్తి కాస్తా సాయంత్రానికి నురగలాగా పొంగింది. నీలంగీతల గుడ్డలో కూరి, పెద్ద సూదితో టాకాలు వేసి, పోతూ పోతూ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పాడు. "ఎండలో వేస్తా ఉండండి. మూడు నాలుగేళ్లకోసారి విప్పి ఏకించండి. లేకపోతే ఇది గడ్డలు కడద్ది, నన్ను తిట్టొద్దు." ఎండలో వేసే మాట గుర్తుపెట్టుకున్నారు. ఏకించే మాట ఆయన వీధి మలుపు తిరక్కముందే మర్చిపోయారు. పెళ్లిలో వంట బాగాలేదన్నది నలభై ఏళ్లు గుర్తుంటుంది వీళ్లకు, ఇట్టాంటివి మాత్రం ఉండవు.

మొదట నా మీద పడుకున్నది ఆ ఇంటి పెద్దాయన, పొగాకు కంపెనీలో గ్రేడింగు మేస్త్రీ. ఆయన ఒంటి మీద నుంచి పొగాకు ఘాటు నాలోకి ఇంకి, ఎన్ని ఎండలు కాచినా పోలేదు. ఆయన పోయాక కొడుకు అంకమరావుకూ, కోడలు శేషారత్నానికీ దక్కాను. వాళ్ల పిల్లలు నన్ను తడిపారు, నా మీద గెంతారు, తెలుగు వాచకాలూ లెక్కల పుస్తకాలూ నా కింద దాచి గోళీలాటకు పోయారు. నా చదువు అంతవరకే. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా చుట్టాల కోసం నన్నే అడిగి పట్టుకుపోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి ఏ మూలో కాఫీ మరక. కొత్త చీర అరువిచ్చినమ్మ నాలుగు రోజులు సతాయిస్తుంది. పరుపు అరువిచ్చినవాళ్లు ఆ మరక చూసి కూడా "పర్లేదులే" అంటారు.

అది సరే. అసలు కథ రత్నమ్మది.

శేషారత్నాన్ని పేటలో అందరూ పూలకొట్టు రత్నమ్మ అంటారు. బస్టాండు ఎదురుగా ఆమె కొట్టు. తెల్లవారుజామున పూల ఆటో వస్తుంది. అది వచ్చేటప్పటికి ఎవరు నిలబడి ఉంటే వాళ్లకు మంచి మల్లెలు, ఆలస్యమైతే అడుగుబుట్టలో నలిగినవి. అందుకని ఆమె లేవడం మీదే ఆ కొట్టు నిలబడి ఉంది. అంకమరావు మంచివాడే, లారీ యూనియను ఆఫీసులో కూర్చుని వచ్చేవాడు. కాకపోతే మల్లెలకూ సన్నజాజులకూ తేడా తెలియదు.

యాభై దాటేసరికి రత్నమ్మకు కీళ్లవాతం పట్టుకుంది. ముందు వేళ్ల కణుపులు, తర్వాత మోకాళ్లు, ఆ పైన తుంటి. పొద్దున లేచేటప్పుడు ఒళ్లంతా బిగదీసుకుపోయి, నా అంచు పట్టుకుని కాసేపు అట్టాగే కూర్చునేది. ఆ పట్టు నాకు తెలుసు. వేళ్లు ముడవలేక అరచేత్తో నొక్కేది. అయినా తనంతట తనే లేచేది. అప్పటికే నాలో గడ్డలు కట్టిన మాట నిజం. ఎవరు ఏకించలేదో నేను చెప్పక్కర్లేదు.

ఇదిగో, అప్పుడొచ్చాడు వీరరాఘవులు. రత్నమ్మ చెల్లెలి మొగుడు, అంకమరావుకు తోడల్లుడు. సిమెంటు కొట్టు ఉంది. ప్రపంచంలో ఏ వస్తువు గురించి అడిగినా ఆయన దగ్గర సమాధానం ఉంటుంది. అడక్కపోయినా ఉంటుంది.

"వదినా, నీ నొప్పులు నొప్పులు కాదు, ఈ పరుపే" అన్నాడు నన్ను గుద్దిన చేతిని దులుపుకుంటూ. "మెత్తగా ఉండాల. నువ్వు పడుకుంటే మబ్బు మీద పడుకున్నట్టుండాల. పద అన్నయ్యా, నే చూసిస్తా."

మగవాళ్లిద్దరూ పోయారు. రత్నమ్మకు అది మాల కట్టే వేళ. తాను లేకుండా తన నడుం కోసం బేరం జరుగుతోందని ఆమెకు అప్పుడు తట్టలేదు. కొట్టులో ఏం జరిగిందో తర్వాత అంకమరావే గొప్పగా చెప్పాడు. వీరరాఘవులు వరసగా అన్ని పరుపులనూ పిడికిలితో గుద్దుకుంటూ పోయి, ఎక్కడ చెయ్యి మణికట్టుదాకా దిగిందో అక్కడ ఆగి "ఇదీ!" అన్నాడట. పుచ్చకాయనైనా తట్టి, చెవి పెట్టి విని, ముక్క కోయించి మరీ కొనే మనుషులు. రోజులో మూడోవంతు పడుకునే వస్తువును మాత్రం నిలబడి గుద్ది కొంటారు. నలుగురూ చూస్తుండగా కొట్లో పడుకోవడం నామోషీ మరి.

ఆ ఫోము పరుపు వచ్చింది. నన్ను చుట్టి, తాడేసి కట్టి, అదే గదిలో బీరువా పక్కన నిలబెట్టారు. ఊరికే పారేయకుండా చూస్తూ ఉండమని శిక్ష వేశారు.

పడుకోవడం బాగానే పడుకుంది రత్నమ్మ. "అబ్బ, హాయిగా ఉందయ్యా" అంది కూడా. నాకు ఒళ్లు మండింది. తెల్లవారుజామున లేవబోయింది. తుంటి ఉన్నచోట గుంట పడి, ఆ గుంటలో మనిషి దిగబడి ఉంది. చెయ్యి ఊనితే చెయ్యి దిగింది. మోచెయ్యి ఊనితే మోచెయ్యి దిగింది. పక్కకు దొర్లుదామంటే మోకాలు సహకరించదు. చివరికి, "ఏమయ్యా, కాస్త లాగు" అంది.

అంకమరావు కళ్లు నులుముకుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుని లాగాడు. వాచిన కణుపులు నలిగి ఆమె పళ్లు బిగబట్టిన చప్పుడు నాదాకా వినపడింది. ఆ రోజు అడుగుబుట్ట పూలే దొరికాయి. మర్నాడూ అంతే.

వీరరాఘవులు మళ్లీ వచ్చాడు. "అలవాటు పడాల వదినా. అయినా ఈ వయసులో ఈ తెల్లారగట్ట లేవడాలెందుకు? కొట్టు ఎవరికన్నా ఇచ్చేసి సుబ్బరంగా పడుకో."

"అవునే" అన్నాడు అంకమరావు. "రోజూ లాగి లేపాలంటే నా నడుమూ పట్టేస్తా ఉంది."

రత్నమ్మ దారం తెంపుతున్నదల్లా ఆగింది. "నా అంతట నేను లేచినన్నాళ్లు కొట్టు నాది. లేవలేకపోయిన రోజు నేనే తాళం చెవి ఇస్తా. నన్ను లేవకుండా చేసి తాళం అడగబాకండి" అంది. గొంతు పెంచలేదు. 

ఆ రాత్రి నా తాడు విప్పింది. నేల మీద పరిచి పడుకుంది. నాకు ఎంత సంబరమో! ఊపిరి బిగబట్టి, ఉన్న మెత్తదనమంతా ఆమె తుంటి కిందికి తేవాలని చూశాను. రాలేదు. దూది గడ్డ గడ్డగానే ఉండిపోయింది. పొద్దున నా మీద చెయ్యేసి తడిమి, "నువ్వు కూడా కాదులే" అంది. వీరరాఘవులు గుద్దు కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఎందుకంటే ఈమె పడుకుని చెప్పింది.

మర్నాడు కీళ్ల డాక్టరు దగ్గరకు పోయొచ్చి మొగుడితో చెబుతుంటే విన్నాను. "డాక్టరమ్మ ఏ పరుపు కొనాలో చెప్పలా. ఏ పక్కకు తిరిగి పడుకుంటావని అడిగింది. ఎడం పక్కకు అన్నా. అయితే ఎడం పక్కకే పడుకుని చూసి కొనుక్కో, భుజమూ తుంటీ కాస్త దిగాల, నడుం మాత్రం వేలాడకూడదు, లేచి అంచున కూర్చుంటే పాదాలు నేలకానాల అంది. పదయ్యా."

"ఎక్కడికే?"

"పడుకోడానికి."

బస్టాండు దగ్గరి పరుపుల కొట్టులో పాతది తెస్తే కొత్తదాంట్లో కొంత తగ్గిస్తామని బోర్డు పెట్టారట. అందుకని నన్ను ఆటో మీద వేసి కట్టారు. ఫోము పరుపును మాత్రం అంతకు ముందే ట్రాలీలో చెల్లెలి ఇంటికి పంపించింది. "మరిదికి మెత్తగా ఉండాలగా" అని ట్రాలీ అతనితో కబురు పెట్టింది.

కొట్టులో నన్ను గుమ్మం పక్కన గోడకు చేరేశారు. అక్కడి నుంచి అంతా కనపడింది. రత్నమ్మ చెప్పులు విడిచి మొగుడి చేతికిచ్చి, కొంగు బొడ్లో దోపి, మొదటి మంచం ఎక్కబోయి ఆగింది.

"శెట్టిగారూ, ఈ తలవైపు ఏ దిక్కు?"

కొట్టు శెట్టిగారు బయట ఎండ చూసి, "ఉత్తరమమ్మా" అన్నాడు.

"ఉత్తరం తలపెట్టి నేను పడుకోను."

"ఒక్క నిమిషమేగా!"

"నిమిషమైనా ఉత్తరం ఉత్తరమే." దిండు తీసి కాళ్లవైపు వేసుకుని, అటు తల పెట్టి, ఎడం పక్కకు తిరిగి పడుకుంది. దాంతో ముఖం తిన్నగా రోడ్డుకు వచ్చింది. అంకమరావు సిగ్గుతో చెప్పులు రెండూ గుండెకు అదుముకుని అటు తిరిగి నిలబడ్డాడు.

బస్టాండు మనుషులంతా ఆమెకు తెలిసినవాళ్లే. సోడాబండి మస్తానమ్మ ఆగిపోయింది. "ఏమ్మే రత్నం, కొట్టు ఇక్కడికి మార్చావా?"

"పూలు అక్కడే. నడుం ఇక్కడ."

"అట్టా నడిబజార్లో పడుకుంటివేందే?"

"ఇంట్లో పడుకుని లేవలేకపోతన్నా. అందుకని."

మస్తానమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, బండి అక్కడే నిలబెట్టి లోపలికొచ్చింది. ఆమెకూ మోకాళ్ల బాధే. "జరుగు, నన్నూ చూడనీ" అని పక్క మంచం ఎక్కింది.

శెట్టిగారికి ఏం చెయ్యాలో తోచలేదు. "చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోద్దమ్మా" అన్నాడు.

"చేత్తో నొక్కిన పరుపే మా ఇంట్లో నన్ను మింగింది" అంది రత్నమ్మ కళ్లు మూసుకునే. "టీ చెప్పండి, నాకు టైము పడద్ది."

ఒక్కోదాని మీద టీ చల్లారేంతసేపు పడుకుంది. ఉత్త కొబ్బరిపీచుది తుంటిని కుమ్మింది. స్ప్రింగులదాని మీద మొగుణ్ణి కూర్చోబెట్టి చూసింది. ఆయన కదిలితే ఈమె ఊగింది. వద్దంది. కింద పీచు, పైన మందంగా రబ్బరు ఉన్నదాని మీద పడుకున్నాక మాత్రం రెండో టీ కూడా చల్లారనిచ్చింది. మోచెయ్యి ఊనింది. దిగలేదు. కాళ్లు కిందికి వేసింది, పాదాలు నేలకానాయి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. మళ్లీ పడుకుంది, మళ్లీ లేచింది. అంకమరావు ఇటు తిరిగి చూస్తున్నాడు. చెప్పులు ఎప్పుడో జారిపోయాయి, ఆయనకు తెలియలేదు.

"ఇదయ్యా" అంది.

ఓడిపోయానని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆమె లేచిన తీరు చూశాను. దాన్నేం కాదనగలను.

అయితే ఒక లోటు మిగిలింది. ఎడం పక్కకు పడుకుంటే కుడి మోకాలు ఎడమదాని మీద పడి నొక్కుతోంది. శెట్టిగారు ఫోము దిండు ఇచ్చాడు. అది అణిగిపోయింది. ఇంకోటిచ్చాడు, జారిపోయింది. అప్పుడు ఆమె గుమ్మం వైపు, నా వైపు చూసింది. నన్నప్పటికే కొట్టు మనిషి తాడు పట్టి వెనక గోడౌనుకు ఈడుస్తున్నాడు.

"ఆగబ్బాయ్. అది ఇవ్వట్లా."

"అమ్మా, అది ఇస్తేనే తగ్గింపు" అన్నాడు శెట్టిగారు.

"వద్దులెండి."

"రత్నం!" అన్నాడు అంకమరావు. "ఆ గడ్డల మూట ఏం చేసుకుంటావే?"

"గడ్డలైతే ఏకిస్తే పోతాయి. గట్టిగా కూరితే పత్తి దూది అణగదు, జారదు. నా మోకాళ్ల మధ్యకు అదే కావాల." ఇన్నేళ్లకు, ఒక్కరికైనా సైదులు చెప్పిన ఆ మాట గుర్తొచ్చింది.

దూది ఏకే మిషను దగ్గర నన్ను విప్పారు. నాలో సగానికి పైగా దుమ్మూ ధూళిగా రాలిపోయింది. పొగాకు వాసన అక్కడిదాకా వచ్చిందని మిషను వాడు ముక్కు మూసుకున్నాడు. బాగున్న దూది ఏరి, ఏకి, ఒక గట్టి దిండు కుట్టారు. మిగతాదంతా వాడికే వదిలేశారు.

వీరరాఘవులు సంగతి అడుగుతారేమో. ఆ ఫోము పరుపు ఆయనకు బ్రహ్మాండంగా నప్పింది. గుంటలో దిగి గుర్రు పెట్టి నిద్రపోతున్నాడట. ఆయనకు కీళ్ల జబ్బు లేదు, తెల్లవారుజామున పనీ లేదు. నాకది మింగుడు పడలేదు, అయినా నిజం నిజమే.

రత్నమ్మ ఇప్పుడు నన్ను మోకాళ్ల మధ్య పెట్టుకుని ఎడం పక్కకు పడుకుంటుంది. లేచే వేళకు ఒళ్లు బిగిసే ఉంటుంది, నొప్పి ఎక్కడికీ పోలేదు. కాసేపు వేళ్లు ముడిచి తెరిచి, నన్ను పక్కకు నెట్టి, మోచెయ్యి ఊని, కాళ్లు దించి, నిలబడుతుంది. అంకమరావు నిద్ర నటిస్తూ చూస్తుంటాడు, చెయ్యి మాత్రం అందించడు. అందిస్తే తిడుతుంది. తాళం చెవి ఆమె బొడ్లోనే ఉంది. పూల ఆటో వచ్చేటప్పటికి ముందు నిలబడేది ఆమే.

అట్టాగని నేను నష్టపోలేదని ఎవరూ అనొద్దు. ఒకప్పుడు ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు మంచం మొత్తం నాది. ఇప్పుడు రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. వీరరాఘవులు గుద్దిన ఆ ఒక్క గుద్దుకు నేను పోగొట్టుకున్నది అక్షరాలా ఇరవై రెండు చదరపు అడుగులు.