గది ఖాళీగా ఉంది

"ఎందుకు" అని అడిగితే మా వెంకటేశ్ గారికి ఒళ్లు మండుతుంది. ఆయన అడగకపోతే నాకు మండుతుంది. కరీంనగర్‌లోని మా చిన్న కంపెనీలో ఇద్దరిదీ ఒకటే పని: సాఫ్ట్‌వేర్ కావాలన్నవాళ్ల మాటలు విని, ప్రోగ్రాం రాసేవాళ్లకు అర్థమయ్యేలా యూజర్ స్టోరీలు రాయడం. స్టోరీ అంటే కథేమీ కాదు. ఎవరికి కావాలి, ఏం కావాలి, ఎందుకు కావాలి, అంతే. ఆ మూడో ముక్కను ఆయన ఎప్పుడూ వదిలేస్తారు.

ఖానాపూర్‌లో చర్చివాళ్లు నడిపే డయాలసిస్ సెంటర్‌కు యాప్ చేశాం. మేనేజర్ ఎబినేజరన్న ఫోన్‌లో చెప్పిందంతా రికార్డు చేసుకుని వెంకటేశ్ గారు ఇలా రాశారు: "రోగిగా, గది ఖాళీగా ఉందో లేదో నాకు ఫోన్‌లో తెలియాలి."

"రోగికి గది ఎందుకు సార్? రక్తం శుద్ధి అయినంక ఇంటికే పోతరు గదా," అన్నాను.

"క్లయింట్ చెప్పిందే రాశాను. రికార్డింగ్ ఉంది."

"ఒక్కసారి ఫోన్ చేసి అడుగుదాం."

"ఇవాళ ఇచ్చేయాలి క్యాథరిన్. ప్రతిదానికీ మెలిక పెట్టకమ్మా."

మెలికట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

యాప్ వాడకంలోకి వచ్చిన వారానికే ఎబినేజరన్న ఫోన్ చేశాడు.

"గిదేం యాప్ అక్కా? మాకున్నది ఒక్కటే మిషిన్. నిన్నటి సంది బంద్ పడ్డది. గదిల ఎవ్వరు లేరని మీ యాప్ ఖాళీ అని సూపెడుతుంది. గది జూసి మా పేషెంట్ శంకరవ్వ బోథ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కాళ్లు, మొఖం ఉబ్బినయ్. మెకానిక్ హైదరాబాద్ నుంచి ఇంకా రాలే."

రికార్డింగ్ తెరిచి విన్నాను. అదే గొంతు: "గది ఖాళీగున్నదా లేదా, బస్సెక్కకముందే ఎరుకైతే సాలు."

మా దగ్గర 'గది' అంటే 'అది'. మిషన్ గురించి చెబుతూ అన్న మాట. గుంటూరు నుంచి వచ్చిన వెంకటేశ్ గారికి గది అంటే నాలుగు గోడలు. మా మాట తెలియకపోవడం తప్పు కాదు. బస్సెక్కకముందే అని ఆ మనిషి కారణం కూడా చెబితే, దాన్ని కోసి అవతల పారేయడం తప్పు. అది చదివి ఉంటే ప్రోగ్రాం రాసే పిల్లలైనా ఆగి అడిగేవాళ్లు.

రికార్డింగ్ ఆయన చెవి దగ్గర పెట్టి అర్థం చెప్పాను.

"మార్చేద్దాం. ఐదు నిమిషాల పని," అన్నారు.

"స్క్రీన్ మారుస్తరు సార్. ఆమెను ఏం చేస్తరు?" ఈసారి గొంతు తగ్గించలేదు.

ఎబినేజరన్నకు ఫోన్ చేసి శంకరవ్వకు ఇవ్వమన్నాను. స్పీకర్ పెట్టి ఫోన్‌ను వెంకటేశ్ గారి ముందుకు తోశాను.

"అమ్మా, మాదే పొరపాటు. గది ఖాళీగా ఉందని తప్పు చూపించాం."

"తప్పేం గాదు బిడ్డా," ఆయాసపడుతూ అంది శంకరవ్వ. "గది ఖాళీగనే ఉన్నది. అండ్లనే పండుకున్న. మిషిన్ ఎప్పుడు నడుస్తదో, గది సెప్పు."