లేని జబ్బు

ఒక్క కంచం, ఒక్క గ్లాసు. కడగడం అయిపోయాక కూడా ఇంకా ఏవో మిగిలే ఉంటాయని ఆమె కుళాయి దగ్గరే నిలబడింది. ఈ అద్దె గదికి వచ్చి ముప్పై ఒక్క రోజులైనా చేతులకింకా నమ్మకం కుదరలేదు. ఆస్పత్రి ల్యాబులో పదిహేనేళ్లుగా ఊరందరి రక్తం పరీక్షించిన మనిషి, పై పోస్టు పరీక్ష కోసం జీతం లేని సెలవు పెట్టి, నలభై రోజులు వేరుగా ఉండి చదువుకుంటానంటే, విచిత్రంగా భర్త అడ్డు చెప్పలేదు. నీ ఇష్టం అన్నాడంతే. ఆ మాటను నెల రోజులుగా అపురూపంగా దాచుకుంది, పిచ్చిది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో తనతో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ఇప్పుడెలా ఉందక్కా అంది. ఏమిటి ఎలా ఉండేది అంటే, దాచొద్దక్కా, ఒంట్లో బాగోలేదని మీ ఆయన అందరికీ చెప్పారు, డాక్టర్లు మనుషుల్ని కలవొద్దన్నారటగా అంది. ఏ జబ్బని మాత్రం అడగలేదు. ఆ అడక్కపోవడంలోనే ఎంత పెద్ద జబ్బో తెలిసిపోయింది.

వెంటనే ఫోన్లో నిలదీస్తే భర్త తడుముకోలేదు. "చదువుకోడానికి ఇల్లొదిలి పోయిందంటే నలుగురూ నవ్వుతారు. బాగోలేదంటే ఎవరూ నోరెత్తరు. నీ మంచికే చెప్పాను" అన్నాడు. నిజమే మరి. పొయ్యి వైపు తొంగి చూడని అత్తగారు రెండు పూటలా వండుతోందట. ఆడపడుచు వచ్చి బట్టలు ఇస్త్రీ చేసి పోతోందట. పన్నెండేళ్లు కాళ్లావేళ్లా పడినా దొరకని సాయం లేని జబ్బుకు చిటికెలో దొరికింది! ఆమెకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం తెరిచిందేగానీ, పేరా పేరాకీ చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోతోంది. జ్వరం లేదు. అయినా, వాళ్లంతా జాలిపడుతున్న ఆ రోగిష్టి మనిషెవరో మంచం మీద తన పక్కనే పడుకుని మూలుగుతున్నట్టు భయమేసింది. ఒకసారి పక్కకు తిరిగి చూసింది కూడా.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఎనిమిదేళ్లది. కాసేపు నసిగి, "అమ్మా, నువ్వు చచ్చిపోతావా?" అంది.

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఉంటే ఉండనీ. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బ్యాగు లాగి బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

సగం సర్దాక చేతులాగిపోయాయి. తనకీ ఎనిమిదేళ్లప్పుడే అమ్మకి బాగోలేదన్నారు. పిన్ని ఇంట్లో ఉంది, వెళ్లకూడదన్నారు. అమ్మ చచ్చిపోతుందని తను వారం రోజులు అన్నం ముట్టకుండా ఏడిస్తే, నాన్న వెళ్లి తీసుకొచ్చాడు. అమ్మ చిక్కిపోలేదు, దగ్గలేదు. కుడి చూపుడు వేలికి రాసి రాసి అంటిన సిరా మరక ఉందంతే. వచ్చీరాగానే మాసిన బట్టల మూట విప్పుకుని కూర్చుంది. పోయేదాకా మళ్లీ ఒక్కనాడూ అమ్మకి బాగోలేకపోలేదు.

అమ్మను వెనక్కి లాక్కొచ్చింది నాన్న కాదు. తన ఏడుపు.

"నాకే జబ్బూ లేదు తల్లీ. పరీక్షకి చదువుకుంటున్నా. మీ నాన్న చెప్పింది అబద్ధం" అంది ఆమె.

అయితే ఇప్పుడే వచ్చెయ్యమని పాప ఏడుపు లంకించుకుంది. అచ్చం తనలాగే, ఎక్కిళ్లు పెట్టి.

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఆ ఏడుపంతా వింది.

"ఏడుపొస్తే ఏడువమ్మా" అంది. "నేను పరీక్ష రాసే వస్తాను."