మూడో చరణం

యాన్బులో పాడిన నాట్ల పాటను తాయిఫ్‌లో పాడనని క్రిస్టీనా వ్యాను ఎక్కగానే చెప్పేసింది.

ఆమె సౌదీలో, సముద్రం ఒడ్డునున్న యాన్బులో ఒక ఆసుపత్రి నర్సు. సొంతూరు నరసాపురం పక్కన. చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడిన గొంతు. కీబోర్డు వాయించే మార్కు, డప్పు కొట్టే అంజన్న అడిగితే సరదాపడి వాళ్ల తెలుగు పాటల బృందంలో చేరింది. తొలి కార్యక్రమంలోనే మూడో చరణం దగ్గర ఊపిరి అందక తాళం తప్పింది. ముందు వరసలో కూర్చున్న జగిత్యాల వాళ్లు నవ్వారు.

"ఆ పాట మీవాళ్లది అన్నయ్యా. నా నోటికి ఎక్కదు," అంది.

"మావోళ్లదేంది చెల్లె, నాట్లేసేటోళ్లది," అన్నాడు అంజన్న. అంతకుమించి బలవంతపెట్టలేదు.

తాయిఫ్ ఇంకా మూడు గంటల దారి ఉందనగా ఎడారి మధ్యలో వెనక టైరు పేలింది. డ్రైవరు బాషా జాకీ పెడితే అది ఇసుకలోకి దిగబడుతోంది తప్ప బండి లేవడం లేదు. యాన్బు సముద్రపు గాలికి మెత్తబడ్డ డప్పును ఎండకు పెడుతూ అంజన్న, "కింద చెక్క ఏస్తే గాని లేవదు," అన్నాడు.

"చెక్క నా తాన ఉన్నది," అని వెనక నుంచి వినబడింది.

అందరూ తిరిగి చూశారు. తలకు గళ్ల రుమాలు, చేతిలో కర్ర, వెనకాల ఒంటెల మంద. పేరు పోశన్న, నిర్మల్ దగ్గరి పల్లె. రెండేళ్లుగా తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఒంటెలు కాస్తున్నాడు. ఎదురుగా ఉన్న మనిషితో తెలుగు మాట్లాడి ఏడు నెలలైందట. డేరా నుంచి చెక్క తెచ్చి జాకీ కింద వేశాడు. బండి లేచింది.

బాషా టైరు బిగిస్తుంటే పోశన్న డప్పు వంక చూశాడు. "పాడేటోళ్లా? ఒక్కటి పాడుండ్రి."

ఆ మొహం చూసి క్రిస్టీనా కాదనలేకపోయింది. నాట్ల పాటే ఎత్తుకుంది. మూడో చరణంలో మళ్లీ ఊపిరి చాలక ఆగిపోయింది.

పోశన్న నవ్వలేదు. "నిలవడి పాడితే గట్లనే అయితది అక్కా," అంటూ నడుం వంచి, లేని నారును ఇసుకలో గుచ్చుతూ పాడాడు. "వంగినప్పుడు మాట. వెనక్కి అడుగేసినప్పుడు ఊపిరి. మా అమ్మ ఎనుక తిరిగి నేర్చుకున్న."

క్రిస్టీనా చెప్పులు విడిచి అతని పక్కన వంగింది. నాలుగు అడుగులు వెనక్కి పడేసరికి చరణం దానంతటదే సాగింది. అంజన్న డప్పు అందుకున్నాడు. ఒంటెలు మెడలు తిప్పి చూశాయి.

పాట అయ్యాక పోశన్న నడుం ఎత్తి చేతుల ఇసుక దులుపుకున్నాడు. తర్వాత తన ఫోను మార్కు చేతికిచ్చాడు. "ఇంకోసారి పాడితే దీంట్ల ఎక్కియ్యి తమ్మీ. గుట్ట మీదికి పోతె సిగ్నల్ దొరుకుతది. మా రాజవ్వకు పంపుతా." క్రిస్టీనా మళ్లీ పాడింది, వెళ్లే ముందు తన నంబరు కూడా అందులో ఎక్కించింది.

తాయిఫ్‌లో ఆమె మొదట పాడింది ఆ పాటే. మూడో చరణం దగ్గర అరడుగు వెనక్కి వేసింది. కుర్చీల్లో వాళ్లు లేచి చిందులేశారు.

మూడో రోజు మళ్లీ యాన్బులో డ్యూటీలో ఉండగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో ఆడమనిషి గొంతు, వెనక కోళ్ల అరుపులు.

"నేను రాజవ్వను, పోశన్న భార్యను అక్కా. మంచిగ పాడినవ్. గాని మూడింటితోనే ఆపినవేంది? ఇంక నాలుగున్నయి, రాసుకో."

క్రిస్టీనా జేబులోంచి పెన్ను తీసింది. దగ్గర్లో కాగితం కనబడలేదు. ఖాళీ గ్లవ్స్ డబ్బా చించి, ఆ అట్ట మీదే రాయడం మొదలుపెట్టింది.