నా పేరు మీది కార్డు

నేను జొన్నపిండి పిసుకుతుంటే మా ఆయన డబ్బు తీసే బ్యాంకు స్లిప్పు తెచ్చి ముందు పెట్టేవాడు. చేతులు కడుక్కుని సంతకం చేసేదాన్ని. అంకె వేసేది ఆయనే. ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో నర్సుగా చేరి పద్నాలుగేళ్లయినా, కామారెడ్డి బ్యాంకులో నా జీతం ఎంత మిగిలిందో నాకు తెలియదు. నీకెందుకు ఆ పరేషాను అనేవాడు పురుషోత్తం. చాలా ఏళ్లు అది ప్రేమే అనుకున్నాను.

పోయినేడు భిక్నూర్‌లో నన్ను కన్న అవ్వ యాదవ్వకు జ్వరం ముదిరింది. నిజామాబాద్ తీసుకుపోవడానికి మూడు వందలు అడిగాను. ఒకటో తారీఖు రానీ అన్నాడు. నువ్వే నర్సువు గదా, ఓ సూది వెయ్యరాదా అంది మా అత్త దుర్గవ్వ. ఇరవై ఎనిమిదిన అవ్వ పోయింది. దినాలకు మాత్రం ఆయన ధారాళంగా ఖర్చు పెట్టాడు. అల్లుడంటే ఇట్లుండాలని ఊరంతా మెచ్చుకుంది. నా జీతంతోనే.

ఈ ఏడు, తొంభై తొమ్మిదిలో, బ్యాంకు వాళ్లు కార్డులిస్తామని పిలిచారు. ఇద్దరం వెళ్లాం. ఆఫీసరు నా వైపు చూడకుండా ఆయనకే వివరించాడు. క్రెడిట్ కార్డయితే ముందు అప్పుగా వాడుకుని తర్వాత కట్టాలి. రెండోదయితే ఖాతాలో ఉన్నంతే మిషన్‌లోంచి వస్తుంది.

“క్రెడిట్ కార్డే రాయుండ్రి సార్. ఆమె జీతం మీద నాకు గూడ ఇంకోటి ఇస్తరు గదా,” అన్నాడు పురుషోత్తం.

ఆఫీసరు ఫారం నా ముందుకు జరిపి సంతకం చోటు చూపించాడు. ఇక అప్పు కూడా నా పేరు మీద ఆయనే చేస్తాడు. దేనికి చేస్తాడో నాకు తెలియదు. తీర్చడానికి మాత్రం నేను రిటైరయ్యేదాకా సూదులు వేస్తూ ఉండాలి.

“రెండోది రాయుండ్రి సార్. నా ఒక్కదానికే,” అన్నాను. ఆఫీసరు ఆయన ముఖం చూశాడు. “జీతం నాది సార్.”

తిరుగు బస్సులో ఆయన వేరే సీట్లో కూర్చున్నాడు. పది రోజులకు కార్డూ, రహస్య నంబరున్న కవరూ దవాఖానకు వచ్చాయి. నంబరు కంఠతా పట్టి కాగితం చింపేశాను. ఇంటికి రాగానే ఆయన చెయ్యి చాపాడు.

“నంబర్ చెప్పు.”

“చెప్ప.”

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తినకుండా లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అత్త కూడా కంచం ముట్టలేదు. శవం లేచిన ఇల్లులా ఉంది. వెళ్లి బతిమాలాలని కాళ్లు వాటంతటవే లేవబోయాయి. పెళ్లయినప్పటి నుంచి ఆయన తినకముందు నేను ఒక్క ముద్ద మింగలేదు.

అన్నం వేడిగా ఉండగానే నాకు నేనే వడ్డించుకున్నాను.